చక్రం తిరగని గంటలు: విజయనగరం నుంచి రాయపూర్ దాకా లారీలో

సోమవారం, విజయనగరం

మా మేనల్లుడికి ఇరవై రెండేళ్లు. ఐటీఐ పూర్తి చేసి, పైడిభీమవరంలో కొన్నాళ్లు కాంట్రాక్టు పని చేసి, అది మానేసి దూరప్రాంతాల లారీకి డ్రైవరుగా వెళతానని ఇంట్లో పట్టుబట్టాడు. మా అక్క ససేమిరా అంటుంది, వాడు వెళ్లి తీరతానంటాడు. చివరికి తీర్పు చెప్పమని ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు. తెలియని పని గురించి మంచీ చెడూ మాట్లాడటం న్యాయం కాదనిపించి, చీపురుపల్లి దగ్గర మా ఊరివాడే అయిన ఒక డ్రైవరును కలిశాను. ఆయన ఇరవై ఏళ్లకు పైగా సాలూరు ఘాటు మీదుగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ లైనులో బండి నడుపుతున్నాడు. ఓనరు ఒప్పుకున్నాక, మా వాడు క్లీనరుగా, నేను మూడో మనిషిగా, ఆర్.సి.లో రాసిన సీట్ల లెక్క దాటకుండా ఆయన పది టైర్ల లారీ ఎక్కాం. ఆయన నన్ను మాస్టారంటాడు, మా వాడు ఆయన్ను గురువుగారంటాడు. ఇంటికి వచ్చాక అన్నీ గుర్తున్నప్పుడే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునే కుర్రవాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ చదవాలని నా కోరిక.

లోడు గోనె సంచులు. డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం కొనుగోళ్లు ముమ్మరంగా సాగుతాయి కనుక అక్కడి రైసు మిల్లులకు సంచులు కావాలి. ఉదయం పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లి దండం పెట్టుకుని, ఏడు గంటలకల్లా ఊరి బయట జనపనార మిల్లు గేటు ముందు బండిని వరుసలో పెట్టారు. లోపలికి పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ ఏడు గంటలూ డ్రైవరు బండి విడిచి వెళ్లడానికి లేదు, ఎందుకంటే ముందున్న లారీ జరిగినప్పుడల్లా తానూ జరగాలి, జరగకపోతే వెనకవాడు దూరతాడు.

"బండి తోలీడం ఆర్నెల్లలో వచ్చీసిద్ది మాస్టారూ. కాసుకోడం రావాలంటేనే ఏళ్లు పడతాది," అన్నాడాయన, ఇంటి నుంచి తెచ్చుకున్న చోడి (రాగి) అంబలి గ్లాసులో పోస్తూ.

ఆ మాట లోతు డబ్బు సంగతి తెలిశాక గాని నాకు బోధపడలేదు. ఈ బండికి జీతం పద్ధతి కాదు, ట్రిప్పు పద్ధతి. రానూ పోనూ ట్రిప్పుకు 9,000 రూపాయలు, డ్రైవరు తిండీ క్లీనరు తిండీ అందులోనే. ట్రిప్పు ఆరు రోజుల్లో ముగిస్తే రోజుకు 1,500 పడుతుంది, తొమ్మిది రోజులు పడితే 1,000కి దిగుతుంది, తిండి ఖర్చు మాత్రం పెరుగుతుంది. నడిచిన దూరానికి డబ్బు ఉంది, నిలబడిన గంటకు లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు స్టీరింగు పట్టుకోవడానికి ముందే ఓనరును అడిగి తేల్చుకోవలసిన సంగతి ఇదేనని, ఈ ప్రయాణం ముగిశాక నేను గట్టిగా నమ్ముతున్నాను: చక్రం తిరగని గంటల నష్టం ఎవరిది?

కళాసీలు, అంటే సరుకు ఎత్తే కూలీలు, సాయంత్రానికి అరవై బేళ్లు ఎక్కించారు. ఒక్కో బేలులో అయిదు వందల సంచులుంటాయి, బరువు మూడు వందల కిలోలకు కొంచెం తక్కువ. బరువైనదేదీ వెనక ఇరుసు దాటి వేలాడకుండా, ఎడమా కుడీ సమంగా ఉండేలా డ్రైవరు దగ్గరుండి సర్దించాడు. ఆ తరువాత కాటా. పది టైర్ల బండికి లోడుతో కలిపి చట్టం అనుమతించే బరువు 28.5 టన్నులు, 2018లో పెంచిన లెక్క అది. దాటితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన ఎక్కిన ప్రతి టన్నుకూ 2,000 చొప్పున అదనం. కాటా చీటీని ఆయన ఫోటో తీసి ఓనరుకు పంపి, అసలుది ఫైలులో పెట్టుకున్నాడు.

టార్పాలిన్ కట్టడం చూడవలసిన పని. మా వాడు తాడు లాగి ముడి వేసి దిగిపోయాడు. డ్రైవరు ఆ ముడి విప్పి, తాడును కొక్కెంలో దూర్చి, పైన ఒక మెలిక వేసి, ఆ మెలికలోంచి కొసను కిందికి తెచ్చి, కాలు లారీ బాడీకి తన్నిపెట్టి ఒంటి బరువంతా వేసి లాగాడు. తాడు బిగిసి, వేలితో మీటితే మోగింది. కోరాపుట్ కొండల్లో మంచు కురుస్తుందని, గోనెకు తడి తగిలితే మిల్లువాడు బేలు తిప్పికొడతాడని, ఆ నష్టం చివరికి కిరాయిలోంచే కోస్తారని చెబుతూనే మిగతా కొక్కేలన్నీ వాడి చేతనే కట్టించాడు. చీకటి పడ్డాక ఎల్.ఆర్. (లారీ రసీదు) కాగితం, సరుకు తరలించడానికి జీఎస్‌టీ కింద తీసే ఈ-వే బిల్లు చేతికొచ్చాయి. బండి నంబరు అంకెలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివి గాని ఆయన సంతకం చేయలేదు. బిల్లులో అంకె తప్పు పడితే దారిలో ఆపేవాడికి ఒక సాకు దొరుకుతుంది.

మంగళవారం, రామభద్రపురం, సాలూరు, సుంకి

తెల్లవారుజామున నాలుగింటికి కదిలి, గజపతినగరం దాటి రామభద్రపురం చేరేసరికి కూరగాయల మార్కెట్టు అప్పటికే జోరు మీదుంది. వంకాయలు, టమాటాలు, బీరకాయలు బుట్టలతో దిగుతుంటే, ఒడిశా వెళ్లే వ్యాన్లు వరుసగా నిలబడి ఉన్నాయి. టీ పది రూపాయలు. టీ కొట్టు ముసలాయన మా వాడిని పైనుంచి కింది దాకా చూసి, "కొత్త క్లీనరా? చలికోటు తెచ్చుకున్నావేటి?" అని అడిగాడు. తెచ్చుకోలేదు. ఆయనే పక్క దుకాణం తెరిపించి 350 రూపాయలకు ఒకటి ఇప్పించాడు.

సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, లారీవాళ్ల లెక్కలో అది విజయనగరం ముంగిలి. ఊరి దారి పొడుగునా బాడీలు కట్టే షెడ్లు, టైరు కొట్లు, స్ప్రింగు పట్టీలు సరిచేసే కమ్మరి కొలుములు, స్ప్రే పెయింటు వాసన. ఘాటు ఎక్కే ప్రతి బండీ ఇక్కడ ఆగి ఒళ్లు చూసుకుని వెళుతుంది. డ్రైవరు వీల్ స్పానరు తీసి పది టైర్లనూ ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వచ్చాడు. గాలి సరిగా ఉన్న టైరు ఖంగుమంటుంది. వెనక ఎడమవైపు జంటలో లోపలి టైరు మాత్రం మొద్దుగా పలికింది. బయటి టైరు బరువు మోస్తుండటం వల్ల కంటికి ఏమీ తెలియదు. అలాగే ఘాటెక్కితే రెండు టైర్ల భారం ఒక్కదాని మీద పడి, వేడెక్కి పేలుతుంది. పంక్చరు వేయించడానికి గంటన్నర పట్టింది. మజూరీ 250 రూపాయలు. జంట టైర్ల సందులో ఇరుక్కున్న కంకర రాయిని మా వాడు స్క్రూడ్రైవరుతో పొడిచి తీశాడు. అలాంటి రాయి వేగంలో ఎగిరితే వెనక వచ్చే మోటారు సైకిలువాడి ప్రాణం తీయగలదని గురువుగారు చెప్పినప్పుడు వాడి ముఖం గంభీరమైంది.

ఘాటు మీద లోడు బండి నడక మనిషి నడకను మించదు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం. మన వైపు వాళ్లలో చాలామంది పాటిస్తారు. కార్లవాళ్లు ఎక్కువగా పాటించరు. ఒక మలుపులో కారు అడ్డం వచ్చి మేము ఆగవలసి వచ్చినప్పుడు, డ్రైవరు హారను కొట్టలేదు, తిట్టలేదు. మా వాడిని దింపి వెనక చక్రానికి చెక్క అడ్డం పెట్టించి, కారు పోయాక నింపాదిగా మొదటి గేరులో లేపాడు. చెక్క తీయడం మరిచి క్యాబిన్ ఎక్కేసే క్లీనర్లు చాలామందట. మా వాడు తీశాడు.

సుంకి చేరితే ఒడిశాలోకి వచ్చినట్టే. అక్కడ కాగితాల పరీక్ష. ఆర్.సి., బీమా, ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, పొల్యూషన్, లైసెన్సు, ఎల్.ఆర్., ఈ-వే బిల్లు అన్నీ ఒకే ప్లాస్టిక్ ఫైలులో, అడిగే వరుసలోనే పెట్టి ఉన్నాయి. డిజిలాకర్‌లోని పత్రాలకూ చట్టం విలువ ఇస్తుంది, కానీ కొండల్లో సిగ్నలు ఉండదు కనుక కాగితం ఉండి తీరాలని ఆయన పట్టుదల. ఈ ప్రయాణంలో ఎక్కడో ఒకచోట, ఎక్కడని చెప్పను, అన్నీ సరిగా ఉన్నా చేయి చాపిన మనిషి ఎదురయ్యాడు. డ్రైవరు నమస్కారం పెట్టి, రసీదు ఇస్తే ఎంతైనా కడతానన్నాడు. పది నిమిషాలు ఆపి వదిలేశారు. కాగితం ఒక్కటి తక్కువైనా ఆ ధైర్యం ఉండేది కాదు.

పొట్టంగి దగ్గర రోడ్డు పక్క ఒక ఆదివాసీ అవ్వ మట్టికుండలో చోడి జావ అమ్ముతోంది. వాళ్లు మండియా అంటారు. డొప్పలో పోసి, నంజుకోవడానికి కాల్చిన ఎండుమిర్చీ ఉప్పూ ఇచ్చింది. డొప్ప ఇరవై రూపాయలు. మన అంబలి కంటే పలచన, పులుపు ఎక్కువ, ఎండపడి ఎక్కి వచ్చినవాడికి ఒంట్లోకి జీవం వస్తుంది. గురువుగారు దారిలో తినేది ఇలాంటివే. పొద్దున్న జావ, మధ్యాహ్నం అన్నం, రాత్రి రెండు రొట్టెలకు మించదు. కడుపు నిండా తిని స్టీరింగు ముందు కూర్చుంటే నిద్రను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నట్టేనని ఆయన అనుభవం.

కోరాపుట్ చేరేసరికి సాయంత్రం అయిదు. ఇంకా వెళ్లొచ్చు, వెలుతురు ఉంది, రోడ్డు బాగుంది. కానీ ఆయన పెట్రోలు బంకులో బండి కట్టేశాడు.

బుధవారం, జయపురం నుంచి కొండగావ్

లారీ క్యాబిన్‌లో నిద్ర గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే కొత్తవాళ్లను చంపేది ఎక్కువగా ఇదే. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమలులో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. అయిదు గంటలు నడిపాక అరగంట విరామం ఇచ్చి తీరాలని అందులో ఉండేది. అరవై ఏళ్లకు పైగా ఉన్న ఆ చట్టం పేరు మేము దారిలో కలిసిన డ్రైవర్లలో ఒక్కరూ విననైనా వినలేదు. ట్రిప్పు పద్ధతిలో డబ్బు తీసుకునేవాడు గేటు దగ్గర పోయిన గంటలను రాత్రి నిద్రలోంచి తీసి పూడ్చుకుంటాడు. పగలంతా ఎండలో వరుసలో కూర్చుని అలిసినవాడు, రాత్రి పదికి గేటు దాటి తెల్లవార్లూ నడుపుతాడు. గురువుగారు రాత్రి పది నుంచి నాలుగు దాకా పడుకుంటాడు, ఓనరు ఫోను చేసినా ఎత్తడు. ఇరవై ఏళ్లలో ఆయన గెలుచుకున్న హక్కు ఇదొక్కటే. కొత్త డ్రైవరుకు ఇది ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వరు. మొదటి ట్రిప్పు నుంచే మర్యాదగా, గట్టిగా అడగాలి.

2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌లకు ఏసీ తప్పనిసరి చేశారు. మా బండి అంతకు ముందుది. వేసవిలో ఇంజను వేడి కాళ్ల మీదికి కొడుతుందట; మాకు మాత్రం కోరాపుట్ చలి అద్దాల సందుల్లోంచి దూరింది. మా వాడు కొత్త కోటు, దాని మీద గోనెపట్టా కప్పుకుని కూడా వణికాడు.

కోరాపుట్ నుంచి జయపురం దిగుడు. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలి, డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకూడదు. బ్రేకు పెడలు మీద కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములు కాగి, నిజంగా కావలసిన మలుపులో బ్రేకు పట్టదు. ఆయన ఎగ్జాస్టు బ్రేకు వేసి, ఇంజను బిగపట్టుకున్న చప్పుడుతో దించుతూ, కాసేపటికోసారి బ్రేకు గాలి ఎంతుందో చూపే ముల్లు చూసుకున్నాడు. దిగాక రోడ్డు పక్కన ఆపి, ప్రతి చక్రం హబ్బు దగ్గరికీ అరచేతి వెనకవైపు తీసుకెళ్లి వేడి చూశాడు. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోయబోయిన మా వాడి చేయి పట్టుకుని ఆపాడు, వేడి ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుందని.

"గురువుగారూ, ఇక్కడ రోడ్డు ఖాళీగా ఉంది, ఓసారి నేను పట్టనా?" అని మా వాడు అడిగింది జయపురం దాటాకే.

"పట్టకూడదు నాయనా. కాగితం వచ్చినాక పడుదువు గాని."

మా వాడి దగ్గర ఉన్నది కారు లైసెన్సు. ఇంత పెద్ద రవాణా వాహనం నడపాలంటే ఇరవై ఏళ్లు నిండాలి, తేలిక వాహనం లైసెన్సు వచ్చి కనీసం ఏడాది కావాలి, గుర్తింపు ఉన్న డ్రైవింగు స్కూలు ఇచ్చే ధ్రువపత్రం, డాక్టరు ఇచ్చే ఫారం 1-ఏ జతచేయాలి. ఆ పైన అయిదేళ్లకోసారి పునరుద్ధరణ. అర్హత లేని చేయి స్టీరింగు మీద ఉండగా ఏదైనా జరిగితే, బీమా కంపెనీ తాను కట్టిన పరిహారాన్ని ఓనరు దగ్గర రాబట్టుకుంటుంది, ఓనరు డ్రైవరును వీధిలో పెడతాడు. దారిలో నేర్పుతానని క్లీనరుకు బండి ఇచ్చే డ్రైవరు మంచివాడిలాగే కనిపిస్తాడు, కానీ కుర్రవాడి మేలు కోరేవాడు కాదు.

బొరిగుమ్మలో దారి తప్పాం. గురువుగారు టీకి దిగి, తిరిగి ఎక్కేముందు, ఫోను చూసి దారి చెప్పే పని మా వాడికి అప్పగించాడు, ఎంతవరకు నేర్చాడో చూద్దామని. జగ్దల్‌పూర్‌కు ఎడమవైపు కోట్‌పాడ్ రోడ్డు పట్టాలి. మా వాడు తిన్నగా పొమ్మన్నాడు, అది నవరంగపూర్ దారి. నాలుగైదు కిలోమీటర్లు పోయాక గురువుగారే, తెలిసీ ఊరుకున్నవాడు, బండి నెమ్మది చేసి, ఇప్పుడు తిప్పుకోవడానికి చోటు వెతకమన్నాడు. పది టైర్ల బండి తిరగడానికి చోటు దొరికేసరికి ఇంకో మూడు కిలోమీటర్లు పోయింది. లోడు బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు అటూ ఇటూ ఇస్తుంది కనుక, ఆ తప్పు ఖరీదు మా వాడు నోటితోనే లెక్కగట్టాడు: మూడున్నర లీటర్లకు పైగా డీజిలు. ఫోనులోని మ్యాపు కారుకు దారి చూపుతుంది. వంతెన ఎత్తు, ఊళ్లో లారీలను రానివ్వని వేళలు, తిరుగుడు చోటు దానికి తెలియవు. అందుకే ఆయన దగ్గర ఊళ్లూ కూడళ్లూ పెన్సిలుతో రాసుకున్న పాత నోటుపుస్తకం ఉంది. మా వాడు ఆ రాత్రే దాన్ని నకలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

జగ్దల్‌పూర్‌లో తెలుగు మాట తేలికగా వినిపిస్తుంది. మేము తిన్న హోటలు యజమాని తాతలు పార్వతీపురం వైపు నుంచి వచ్చారట. అన్నం, పప్పు, బస్తరు చింతపండుతో పెట్టిన పులుసు, 110 రూపాయలు. రెండోసారి అన్నానికి డబ్బు అడగలేదు. బస్తరు చింతపండుకు ఈ ఊరు పెద్ద మార్కెట్టు, సీజనులో మన వైపు బండ్లకు తిరుగు లోడు ఇక్కడే దొరుకుతుందట. అప్పుడు రాయపూర్ దాకా ఖాళీగా వెళ్లే బాధ లేదు. డిసెంబరులో ఆ అదృష్టం లేదు. రాత్రికి కొండగావ్ ధాబాలో నులక మంచాల మీద పడుకున్నాం.

గురువారం, కేశ్‌కాల్ ఘాటు, ధంతరి

కేశ్‌కాల్ ఘాటుకు పన్నెండు పెద్ద మలుపులు. ఘాటులోని తేలిన్ మాత గుడి దగ్గర బండ్లన్నీ వేగం తగ్గిస్తాయి. గురువుగారు ఆగి కొబ్బరికాయ కొట్టి, మా వాడి నుదుట కుంకుమ పెట్టాడు. నాలుగో మలుపుకల్లా అంతా ఆగిపోయింది. కింద ఎక్కడో ఒక ట్రెయిలరు మలుపు తిరగలేక అడ్డం పడిందట. మూడు గంటలకు పైగా అక్కడే. కొందరు ఎదురు లైనులోకి దూరి ఉన్న సందును కూడా మూసేశారు. మా ముందున్న పంజాబు నంబరు బండి డ్రైవరు, తలపాగా పెద్దాయన, దిగి కార్లవాళ్లకు చేతులు జోడించి వెనక్కి పంపించాడు. తరువాత తన స్టవ్వు మీద టీ కాచి, మాకూ మూడు గ్లాసులు ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే కోపం వచ్చింది. మా వాడికి హిందీ పాఠశాలలో చదివినంతే వచ్చు. గాలి, పంక్చరు, బ్రేకు, ఎంత, ఎటు, ఆగండి, సాయం చేయండి అనే మాటలు హిందీలో రాకుండా ఈ లైనులోకి రాకూడదని ఆ సాయంత్రం వాడే అన్నాడు.

ధంతరి మిల్లు దగ్గరికి సాయంత్రం అయిదింటికి చేరాం. మా ముందు రెండు డజన్ల బండ్లున్నాయి. ఇక్కడ గురువుగారు చేసిన మొదటి పని ఈ-వే బిల్లు తీసి చూడటం. రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క; మా దూరానికి మూడు రోజులు, సోమవారం రాత్రి తీసిన బిల్లు గురువారం అర్ధరాత్రితో చెల్లిపోతుంది. గడువుకు ఎనిమిది గంటలు ముందు నుంచి ఎనిమిది గంటలు తరువాత దాకా పొడిగించుకోవచ్చు. వెంటనే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోను చేసి, ఆలస్యానికి కారణం చెప్పి పొడిగించిన కాగితం ఫోనుకు వచ్చేదాకా టీ కూడా తాగలేదు. మా పక్క బండి కుర్ర డ్రైవరు, ఊరు చేరాం కదా ఇంకేముందని పడుకోబోతే, ఆయన తలుపు కొట్టి లేపి ఆ సంగతి చెప్పాడు.

శుక్రవారం, శనివారం, ధంతరి

రెండు పగళ్లు గేటు ముందే గడిచాయి. పొద్దున్న అటుకుల పోహా, జిలేబీ కలిపి నలభై రూపాయలు; స్నానం బంకులో, బకెట్టు నీళ్లకు ఇరవై; మరుగుదొడ్డి గురించి రాయకపోవడమే మేలు. మధ్యాహ్నం లారీ నీడలో స్టవ్వు మీద అన్నం, టమాటా పచ్చడి. వంట వచ్చినవాడికి రోజుకు రెండు వందలు మిగులుతాయి, కడుపూ చెడదు.

చుట్టూ చేరిన డ్రైవర్ల మాటలు ఎక్కువగా ప్రమాదాల మీదికే పోయేవి. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా శిక్ష అనే భారతీయ న్యాయ సంహిత 106(2) నిబంధన మీద 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ ఒక్క ఉపనిబంధనను కేంద్రం అమలులోకి తేలేదు. మిగతా సెక్షను కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. జనం కొడతారనే భయంతో పారిపోతామని ఒకరన్నారు. గురువుగారు తన పద్ధతి చెప్పాడు: దిగి గుంపులో నిలబడకుండా, నేరుగా దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లి బండి అప్పగించడం, దారిలోనే 108కి ఫోను చేయడం. ఒకసారి అలాగే చేశాడట, పడినవాడు బతికాడు. మా వాడు ఆ మాట విని చాలాసేపు ఏమీ అనలేదు.

శనివారం మధ్యాహ్నం బేళ్లు దిగాయి. దించిన కళాసీలకు బేలుకు ఇంతని ఇవ్వవలసింది మిల్లా, ఓనరా అన్న వాదన గంట నడిచింది. ఎల్.ఆర్. మీద ఎవరో ఒకరి పేరు ముందే రాసి ఉంటే ఆ గంట మిగిలేది. ఆయన మిల్లు గుమాస్తా దగ్గర బండి వచ్చిన తేదీ, గంట, దిగిన తేదీ, గంట రాయించి ముద్ర వేయించుకున్నాడు. హాల్టింగు, అంటే బండి ఖాళీగా నిలబడినందుకు ఇచ్చే డబ్బు, అడగడానికి డ్రైవరు చేతిలో ఉండే ఆయుధం ఆ కాగితం ఒక్కటే. చాలామంది దిగీ దిగగానే బండి తీసేస్తారు, ముద్ర కోసం ఆగరు.

ఆదివారం, సోమవారం, రాయపూర్

ఖాళీ బండితో రాయపూర్ దాటి సిల్తరా పారిశ్రామికవాడకు. విజయనగరం సిమెంటు కొట్టుకు ఇనుప చువ్వలు దొరికాయి. కిరాయి బ్రోకరు తన కమీషను పట్టుకుని చెప్పాడు. గురువుగారు బేరమాడలేదు, ఓనరు చేత మాట్లాడించాడు.

గోనెకూ ఇనుముకూ ఏమీ పోలిక లేదు. అడ్డం వచ్చిన దేనికోసమైనా గట్టిగా బ్రేకు వేస్తే చువ్వలు ముందుకు జారి క్యాబిన్ వెనక గోడ చీల్చుకుని వస్తాయి. అలా పోయిన డ్రైవర్ల పేర్లు ప్రతి లైనులోనూ ఉన్నాయి. అందుకని కట్టలకూ క్యాబిన్‌కూ మధ్య అడ్డుదూలాలు పెట్టించి, కట్టల కింద చెక్కలు వేయించి, తాడు కాకుండా గొలుసులతో బిగించి, టర్న్‌బకిలు తిప్పాడు. వెనక బాడీ దాటి ఒక్క చువ్వా బయటికి రాకూడదు. ఫ్యాక్టరీవాళ్లు పొడుగు చువ్వలు మడవకుండా వేయబోతే ఒప్పుకోలేదు. లోడింగు రెండు గంటలు ఆలస్యమైంది, అక్కడి సూపర్‌వైజరు కసురుకున్నాడు కూడా. మా వాడి వైపు తిరిగి, "తిట్లు కాసేపే బాబూ, చువ్వ ఒక్కపాలే," అన్నాడు.

తిరుగు దారి, సుంకి ఘాటు

వచ్చిన దారే కనుక క్లుప్తంగా రాస్తాను. రాయపూర్ నుంచి సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల కొత్త ఆరు వరుసల రోడ్డు పనులు దారిలో అక్కడక్కడా కనిపించాయి. అది పూర్తయితే ఈ ఘాట్ల కష్టం చాలావరకు తగ్గుతుంది. సాలూరు టైరు కొట్లవాళ్లకు మాత్రం దాని మీద దిగులుంది.

పొట్టంగి దగ్గరికి చేరేసరికి సాయంత్రం ఆరు, మంచు దిగుతోంది. సాలూరు గంటన్నర దూరం, అక్కడి నుంచి ఇల్లు రెండు గంటలు. అందరికీ ఇంటి మీద మనసు ఉంది. ఓనరు రెండుసార్లు ఫోను చేశాడు, పొద్దున్నే సరుకు దిగాలని. గురువుగారు ఫాగ్ లైటు వేసి కాసేపు చూసి, రోడ్డు అంచు తెల్లగీత కనిపించడం లేదని బండి పక్కకు తీశాడు. తెల్లారి ఏడున్నరకు మంచు విడిచాక, ఇనుము లోడుతో రెండో గేరులో సుంకి ఘాటు దిగాం. సగంలో ఒక లారీ లోయవైపు కమ్మీని ఢీకొని నిలిచి ఉంది. రాత్రి పదకొండింటికి జరిగిందట. డ్రైవరుకు కాలు విరిగి సాలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు, క్లీనరు కుర్రవాడు రోడ్డు పక్క సామాన్లకు కాపలా కూర్చున్నాడు. మా దగ్గరున్న నీళ్లూ బిస్కట్లూ ఇచ్చి, వాళ్ల ఓనరుకు ఫోను కలిపి, వెనక వచ్చే బండ్లకు తెలియడానికి మలుపు పైన చెట్టు కొమ్మలు వేయించి గాని గురువుగారు కదలలేదు. ఆలస్యానికి మా ఓనరు కోప్పడ్డాడు.

విజయనగరం, లెక్క

మర్నాడు సాయంత్రం లెక్క కూర్చున్నారు. డీజిలు, టోలు, పంక్చరు, కళాసీలు, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ తీసివేశాక, ధంతరి ముద్ర కాగితం చూపి గురువుగారు హాల్టింగు అడిగాడు. ఓనరు మొదట కాదన్నాడు, తరువాత మిల్లు నుంచి తనకు వచ్చినదాంట్లో సగం ఇస్తానన్నాడు. 1,200 రూపాయలు వచ్చాయి. మా వాడి క్లీనరు బత్తా ఆయన తన చేతులతో విడిగా లెక్కపెట్టి ఇచ్చాడు.

మా అక్కకు నేను చెప్పిన తీర్పు ఇది. వాడిని ఆపవద్దు, ఇప్పుడే డ్రైవరునూ చేయవద్దు. కారు లైసెన్సు వచ్చి ఫిబ్రవరికి ఏడాది నిండుతుంది. అంతవరకు, ఆ తరువాత కూడా కొన్నాళ్లు గురువుగారి బండికే క్లీనరుగా వెళ్లాలి, ఘాటు లైనులో ఒక మంచుకాలం, ఒక వానాకాలం చూడాలి. హెవీ లైసెన్సు వచ్చాక ఏ ఓనరు దగ్గర చేరినా నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి: హాల్టింగు ఎవరిది, కళాసీల డబ్బు ఎవరిది, జరిమానా ఎవరిది, రాత్రి ఎన్నింటికి బండి ఆపవచ్చు. రాయనంటే చేరకూడదు. త్వరగా పాడయ్యే సరుకూ, గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకూ మొదటి రెండేళ్లు ముట్టకూడదు. రెండోదానికి వేరే శిక్షణ, లైసెన్సు మీద ప్రత్యేక ముద్ర కావాలి కూడా. కళ్ల పరీక్ష ఈ వారమే చేయించాలి.

అక్క పూర్తిగా ఒప్పుకోలేదు. కళ్ల పరీక్షకు మాత్రం బుధవారం తనే తీసుకెళతానంది. మా వాడు శుక్రవారం లోడుకు పిలుపు వస్తుందని గురువుగారికి ఫోను చేసి, ఈసారి ముడులన్నీ తానే వేస్తానని చెప్పాడు.